సొంత ఊరి తీర్పు

అబ్రహాం లింకన్ పేరు వినని వారు అరుదు. ఆయన దుంగల ఇంట్లో పుట్టి అమెరికా సంయుక్త రాష్ట్రాలకు అధ్యక్షుడయ్యాడు. బానిసల విముక్తికి చట్టబద్ధమైన బాట వేశాడు. 1860 నవంబరులో జరిగిన ఎన్నికలో ఆయన మొదటిసారి అధ్యక్షుడిగా గెలిచాడు. కాని ఆ ఎన్నికలోనే ఆయన నివసిస్తున్న సాంగమన్ కౌంటీలో ప్రత్యర్థికి ఎక్కువ ఓట్లు వచ్చాయి. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. దాదాపు మూడు దశాబ్దాలుగా తనను ఎరిగిన ప్రాంతం ఇచ్చిన ఆ తీర్పును లింకన్ ఎలా స్వీకరించాడో తెలుసుకోవడానికి ఆయన జీవితాన్ని మొదటినుంచి చూడాలి.

లింకన్ 1809 ఫిబ్రవరి 12వ తేదీన కెంటకీ రాష్ట్రంలో జన్మించాడు. తండ్రి థామస్ వ్యవసాయం చేసేవాడు, వడ్రంగం పని కూడా తెలిసినవాడు. తల్లి పేరు నాన్సీ. కెంటకీలో ఆనాడు బానిసత్వం చట్టసమ్మతంగా ఉండేది. 1816లో లింకన్ కుటుంబం ఒహాయో నదిని దాటి ఇండియానా రాష్ట్రం చేరింది. అక్కడ అడవి నరికి పొలం చేసుకున్నారు. రెండేళ్లు తిరగకముందే నాన్సీ జబ్బుపడి మరణించింది. ఒక విషపు మొక్కను మేసిన పశువుల పాలు తాగడం వల్ల వచ్చే జబ్బు అది. అప్పటికి లింకన్‌కు తొమ్మిదేళ్లు. మరుసటి సంవత్సరం తండ్రి సారా అనే ఆమెను వివాహం చేసుకున్నాడు. ఆమె సవతి పిల్లలను కన్నబిడ్డల వలె చూసింది. లింకన్‌కు పుస్తకాల మీద ఉన్న ఆసక్తిని ఆమె గుర్తించి ప్రోత్సహించింది. ఆయన బడికి వెళ్లిన రోజులన్నీ కలిపినా ఒక సంవత్సరం కాదు. దొరికిన పుస్తకమల్లా చదివి, గొడ్డలి పని చేస్తూనే ఆయన విద్య నేర్చాడు.

1830లో ఆ కుటుంబం ఇల్లినాయ్ రాష్ట్రానికి తరలింది. మరుసటి సంవత్సరం లింకన్ తల్లిదండ్రులను విడిచి, సాంగమన్ నది ఒడ్డున ఉన్న న్యూ సేలం అనే చిన్న పల్లెకు వచ్చాడు. అక్కడ ఒక దుకాణంలో గుమాస్తాగా చేరాడు. ఆరడుగుల నాలుగు అంగుళాల పొడవు, కుస్తీలో దిట్ట. సరదా కథలు చెప్పడంలో ఆయనకు సాటి లేరు. లెక్కలో తేడా రానివ్వడని పేరు తెచ్చుకున్నాడు. ఏడాది గడవకముందే ఊరివారందరికీ ఆప్తుడయ్యాడు.

1832లో, ఇరవైమూడేళ్ల వయసులో, లింకన్ రాష్ట్ర శాసనసభకు పోటీ చేశాడు. ఆ వేసవిలోనే బ్లాక్ హాక్ యుద్ధం వచ్చింది. లింకన్ సైన్యంలో చేరగా తోటివారు ఆయనను తమ దళానికి కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. యుద్ధం నుంచి తిరిగివచ్చేసరికి పోలింగుకు కొద్ది రోజులే మిగిలాయి. కౌంటీ అంతా తిరిగి ఓట్లు అడిగే వ్యవధి లేదు. నాలుగు స్థానాలకు పదముగ్గురు పోటీ చేశారు. లింకన్ ఎనిమిదవ స్థానంలో నిలిచి ఓడిపోయాడు.

ఆ రోజుల్లో ఇల్లినాయ్‌లో రహస్య ఓటింగు లేదు. ఓటరు ఎన్నికల గుమాస్తాల ఎదుట నిలబడి, తాను కోరిన అభ్యర్థి పేరును అందరికీ వినబడేటట్లు చెప్పాలి. గుమాస్తాలు దానిని పుస్తకంలో రాసుకునేవారు. అందువల్ల ఎవరు ఎవరికి ఓటు వేశారో ఊరంతటికీ తెలిసేది. అటువంటి ఎన్నికలో న్యూ సేలం పోలింగు కేంద్రంలో పడిన సుమారు 300 ఓట్లలో 277 లింకన్‌కు వచ్చాయి. కౌంటీ ఆయనను ఓడించింది, ఊరు మాత్రం ఆయనను గెలిపించింది.

ఇందులో మరొక విశేషం ఉంది. లింకన్ హెన్రీ క్లే అనే నాయకుడి అనుచరుడు. ఆ సంగతి దాచుకోలేదు. అదే సంవత్సరం అధ్యక్ష ఎన్నిక జరిగింది. అందులో క్లేకు పోటీగా ఆండ్రూ జాక్సన్ నిలబడ్డాడు. ఆగస్టులో లింకన్‌కు 277 ఓట్లు ఇచ్చిన ఆ కేంద్రమే, కొద్ది నెలలకు క్లే కంటే జాక్సన్‌కు 115 ఓట్లు ఎక్కువ ఇచ్చింది. ఈ విషయాన్ని లింకన్ చాలా ఏళ్ల తరువాత తన జీవిత సంగ్రహంలో సంతోషంగా రాసుకున్నాడు. పక్క ఇంటి మనిషికి ఓటు వేసేటప్పుడు ఆ ఊరివారు మనిషిని చూశారు. దేశాధ్యక్షుడికి ఓటు వేసేటప్పుడు పక్షాన్ని, విధానాన్ని చూశారు. ఈ రెండింటికీ గల తేడా లింకన్‌కు ఆనాడే తెలిసింది.

ఓటమికి ఆయన కుంగిపోలేదు. ఆ పల్లెకు పోస్టుమాస్టరుగా, తరువాత భూములు కొలిచే సర్వేయరుగా పనిచేశాడు. ఆ పనుల మీద కౌంటీలోని గడప గడపకూ పరిచయమయ్యాడు. 1834లో తిరిగి పోటీ చేసి శాసనసభకు ఎన్నికయ్యాడు. వరుసగా నాలుగుసార్లు గెలిచాడు. జాన్ టాడ్ స్టువర్ట్ అనే న్యాయవాది ఆయనకు న్యాయశాస్త్ర గ్రంథాలు ఎరువిచ్చాడు. వాటిని స్వయంగా చదివి 1836లో లింకన్ న్యాయవాది పట్టా పొందాడు. 1837లో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణానికి మారి స్టువర్ట్‌తో కలిసి వకాలతు ప్రారంభించాడు.

స్ప్రింగ్‌ఫీల్డ్ సాంగమన్ కౌంటీకి ముఖ్య పట్టణం. అంతకుముందు ఇల్లినాయ్ రాష్ట్ర రాజధాని వాండేలియాలో ఉండేది. దానిని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తీసుకురావడానికి సాంగమన్ సభ్యులు తొమ్మిదిమంది శాసనసభలో గట్టిగా కృషి చేశారు. వారిలో లింకన్ ముఖ్యుడు. 1837లో వారి కృషి ఫలించింది. పట్టణం పెరిగింది, వ్యాపారం పెరిగింది. 1842లో లింకన్ మేరీ టాడ్‌ను వివాహమాడాడు. 1844లో ఒక ఇల్లు కొన్నాడు. నలుగురు కొడుకులు పుట్టారు. ఒక బిడ్డను చిన్న వయసులోనే పోగొట్టుకున్న దుఃఖం కూడా ఆ ఇంటిలోనే అనుభవించాడు.

1846లో ఆయన విగ్ పక్షం తరఫున దేశ చట్టసభ అయిన కాంగ్రెసుకు ఎన్నికయ్యాడు. అప్పుడు అమెరికా మెక్సికోతో యుద్ధం చేస్తోంది. ఆ యుద్ధం మొదలుపెట్టిన తీరు అన్యాయమని లింకన్ సభలో వాదించాడు. ఆ వాదన సొంత ప్రాంతంలో చాలామందికి నచ్చలేదు. 1849లో పదవీకాలం ముగిశాక ఆయన తిరిగివచ్చి వకాలతులో మునిగిపోయాడు.

1854లో దేశ రాజకీయాలు ఒక్కసారిగా మారాయి. అమెరికాలో అప్పటికి దక్షిణ రాష్ట్రాలలో బానిసత్వం ఉంది, ఉత్తర రాష్ట్రాలలో లేదు. పడమర దిక్కున కొత్త ప్రాంతాలు ఏర్పడుతున్నాయి. వాటిలో బానిసత్వం ఉండాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్న. అక్కడ నివసించేవారే దానిని నిర్ణయించుకోవాలని 1854లో ఒక చట్టం వచ్చింది. దానిని నడిపించినవాడు ఇల్లినాయ్‌కి చెందిన సెనేటరు స్టీఫెన్ డగ్లస్. ఆయన లింకన్‌కు పాత పరిచయస్థుడే. ఇద్దరూ ఒకే కాలంలో రాష్ట్ర శాసనసభలో కూర్చున్నవారు. బానిసత్వం తప్పు అనీ, దానిని కొత్త ప్రాంతాలకు పాకనివ్వరాదనీ లింకన్ అభిప్రాయం. ఈ పట్టుదలతో ఆయన మళ్లీ రాజకీయాలలోకి వచ్చాడు. 1856లో కొత్తగా ఏర్పడిన రిపబ్లికన్ పార్టీలో చేరాడు.

1858లో సెనేటు స్థానానికి లింకన్, డగ్లస్ పోటీ పడ్డారు. ఏడు ఊళ్లలో ఇద్దరూ ఒకే వేదిక మీద వాదించుకున్నారు. ఊరు మారితే సభ తీరు కూడా మారేది. ఇల్లినాయ్ ఉత్తరం నుంచి దక్షిణానికి పొడవుగా సాగిన రాష్ట్రం. ఉత్తర భాగానికి న్యూయార్కు వైపు నుంచీ, న్యూ ఇంగ్లండు వైపు నుంచీ వచ్చినవారు పెద్ద సరస్సుల మార్గాన చేరుకున్నారు. వారిలో బానిసత్వానికి వ్యతిరేకులు ఎక్కువ. దక్షిణ భాగానికి కెంటకీ, టెనెసీ, వర్జీనియాల నుంచి వచ్చినవారు నదులు దాటి చేరుకున్నారు. వారి బంధువులు ఇంకా బానిసత్వం ఉన్న రాష్ట్రాలలోనే ఉన్నారు. అందుచేత ఉత్తరాన ఫ్రీపోర్టు వంటి ఊళ్లలో లింకన్‌కు ఆదరణ లభించింది. దక్షిణాన జోన్స్‌బరోలో అంతగా లభించలేదు. ఆనాడు సెనేటర్లను రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి. ప్రజల ఓట్లలో లింకన్ పక్షం కొంత ముందున్నా, శాసనసభలో డగ్లస్ పక్షానికి 54, లింకన్ పక్షానికి 46 ఓట్లు వచ్చాయి. లింకన్ ఓడిపోయాడు. కాని ఆ వాదనలు పత్రికలలో వెలువడి ఆయన పేరు దేశమంతా పాకింది.

1860 మే నెలలో షికాగో నగరంలో రిపబ్లికన్ పార్టీ లింకన్‌ను అధ్యక్ష పదవికి అభ్యర్థిగా ఎన్నుకుంది. డెమొక్రాటిక్ పార్టీ రెండుగా చీలింది. ఉత్తరాది వర్గానికి డగ్లస్, దక్షిణాది వర్గానికి బ్రెకిన్‌రిడ్జ్ అభ్యర్థులయ్యారు. జాన్ బెల్ అనే నాలుగో అభ్యర్థి కూడా ఉన్నాడు. అప్పటి ఆచారం ప్రకారం లింకన్ ప్రచారానికి వెళ్లలేదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఉండి వచ్చినవారిని పలకరిస్తూ గడిపాడు. డగ్లస్ ఆచారాన్ని పక్కనపెట్టి ఊరూరా తిరిగి మాట్లాడాడు.

ఆనాటి అధ్యక్ష ఎన్నిక జరిగే పద్ధతి తెలుసుకోవాలి. ప్రజలు అధ్యక్షుడిని నేరుగా ఎన్నుకోరు. ప్రతి రాష్ట్రానికీ కొందరు ఎలక్టర్లు ఉంటారు. ప్రజల ఓటుతో ఎన్నికైన ఎలక్టర్లు అధ్యక్షుడిని ఎన్నుకుంటారు. అప్పటికి ఇల్లినాయ్‌లో నోటిమాట ఓటు పోయి చీటీల పద్ధతి వచ్చింది. అయితే చీటీలను ప్రభుత్వం అచ్చు వేసేది కాదు, పార్టీలే వేసి పంచేవి. ఓటరు తన పార్టీ చీటీని పెట్టెలో వేసేవాడు. ఈ కారణంగా ఒక పార్టీకి చీటీలు పంచే మనుషులు లేనిచోట ఆ పార్టీకి ఓటు వేయడమే సాధ్యం కాదు. పది దక్షిణ రాష్ట్రాలలో లింకన్‌కు ఒక్క ఓటూ నమోదు కాకపోవడానికి ఇది ఒక కారణం. ఆయన పుట్టిన కెంటకీలో పడిన ఓట్లలో ఆయనకు వచ్చినవి 1,364 మాత్రమే. నూటికి ఒకటి కూడా కాదు.

1860 నవంబరు 6వ తేదీ మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో లింకన్ స్ప్రింగ్‌ఫీల్డ్ న్యాయస్థాన భవనంలోని పోలింగు కేంద్రానికి నడిచి వెళ్లాడు. జనం జయధ్వానాలు చేశారు. తన చీటీ పైభాగంలో తనకు మద్దతునిచ్చే ఎలక్టర్ల పేర్లు ఉన్నాయి. లింకన్ ఆ భాగాన్ని తీసివేసి, రాష్ట్రంలోని తక్కిన పదవుల అభ్యర్థులకు మాత్రమే ఓటు వేశాడు. తనకు తాను ఓటు వేసుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. సాయంత్రం నుంచి తంతి కార్యాలయంలో కూర్చుని ఫలితాల కోసం ఎదురుచూశాడు. అర్ధరాత్రి దాటిన తరువాత న్యూయార్కు రాష్ట్రం తన వైపు వచ్చిందని తెలిసింది. దానితో గెలుపు ఖాయమైంది.

దేశం మొత్తంమీద లింకన్‌కు దాదాపు 18 లక్షల 66 వేల ఓట్లు వచ్చాయి. పోలైన వాటిలో అవి సుమారు 40 శాతం. ఎలక్టర్ల ఓట్లు 303లో 180 ఆయనకు దక్కాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలో డగ్లస్ కంటే దాదాపు 12 వేల ఓట్లు ఎక్కువ వచ్చాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో లింకన్‌కు 1,395 ఓట్లు, డగ్లస్‌కు 1,326 ఓట్లు వచ్చాయి. ఆధిక్యం 69 మాత్రమే. పల్లెలతో కలిపి సాంగమన్ కౌంటీ మొత్తం లెక్క తేలేసరికి డగ్లస్‌కు 3,598, లింకన్‌కు 3,556 ఓట్లు వచ్చాయి. నలభై రెండు ఓట్ల తేడాతో కౌంటీ డగ్లస్‌ది అయింది.

సాంగమన్ కౌంటీ ఇల్లినాయ్ నడిమధ్యన ఉంది. ఉత్తరం నుంచి వచ్చిన జనం, దక్షిణం నుంచి వచ్చిన జనం అక్కడ కలిశారు. కెంటకీ మూలాలు గల కుటుంబాలు చాలా ఉన్నాయి. లింకన్ గెలిస్తే దక్షిణ రాష్ట్రాలు విడిపోతాయనీ, తమ బంధువులతో యుద్ధం తప్పదనీ భయపడినవారు ఉన్నారు. డగ్లస్ కూడా ఆ రాష్ట్రపు పెద్ద నాయకుడే. అప్పటి ప్రశ్న ఒక మనిషి మంచివాడా కాడా అన్నది కాదు. దేశం ఏ దారిన పోవాలి అన్నది. 1832లో న్యూ సేలం చేసిన పనినే 1860లో సాంగమన్ చేసింది. దేశాధ్యక్షుడి ఎన్నిక కనుక విధానాన్ని చూసింది.

ఆ లెక్కలో చేరనివారూ ఉన్నారు. విలియం ఫ్లోర్‌విల్ హైతీ దేశం నుంచి వచ్చిన నల్లజాతి వాడు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో క్షౌరశాల నడిపేవాడు. లింకన్‌కు దాదాపు ముప్పై ఏళ్ల మిత్రుడు. ఆయన భూముల వ్యవహారాలను లింకన్ చూసిపెట్టేవాడు. కాని ఇల్లినాయ్ చట్టం ప్రకారం తెల్లజాతి పురుషులకే ఓటు ఉండేది. తన మిత్రుడు అధ్యక్ష పదవికి నిలబడిన రోజున ఫ్లోర్‌విల్ ఓటు వేయలేకపోయాడు. మేరీ లింకన్‌కు కూడా ఓటు లేదు.

ఫలితాలు వెలువడ్డాక రెండు రకాల ప్రవర్తనలు కనిపించాయి. దక్షిణ కరొలినా రాష్ట్రం ఎన్నిక ఫలితాన్ని సహించలేక 1860 డిసెంబరు 20న దేశం నుంచి విడిపోతున్నట్లు ప్రకటించింది. లింకన్ 1861 మార్చి 4న పదవి స్వీకరించేలోగా మొత్తం ఏడు రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అలా జరగలేదు. లింకన్‌కు ఓటు వేసినవారూ, వేయనివారూ ఇరుగుపొరుగుగానే మెలిగారు. 1861 ఫిబ్రవరి 11న వర్షంలో రైలు స్టేషనుకు వచ్చిన జనానికి లింకన్ కృతజ్ఞతతో వీడ్కోలు చెప్పాడు. తాను ఈ స్థితికి రావడానికి ఆ ప్రజల ఆదరణే కారణమని ఆయన వారికి చెప్పాడు. నలభై రెండు ఓట్ల మాట ఆయన నోట రాలేదు.

ఏప్రిల్ 12న తిరుగుబాటుదారులు సమ్టర్ కోట మీద ఫిరంగులు పేల్చడంతో అంతర్యుద్ధం మొదలైంది. రెండు రోజులకు డగ్లస్ స్వయంగా వెళ్లి లింకన్‌ను కలిసి తన మద్దతు తెలిపాడు. ఏప్రిల్ 25న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇల్లినాయ్ శాసనసభ ఎదుట నిలిచి, పార్టీ భేదాలు మరచి దేశ సమైక్యతకు అండగా నిలవాలని కోరాడు. సాంగమన్‌లో ఎవరి ఓట్లు గెలిచాడో ఆ ప్రజలకే ఆయన ఆ మాట చెప్పాడు. జూన్ 3న, నలభై ఎనిమిదేళ్లకే డగ్లస్ మరణించాడు.

యుద్ధం నాలుగేళ్లు సాగింది. 1863 జనవరి 1న లింకన్ తిరుగుబాటు ప్రాంతాలలోని బానిసలకు విముక్తి ప్రకటించాడు. ఈ కాలంలో సొంత ప్రాంతం ఆయనకు మరొకసారి చేదు తీర్పు ఇచ్చింది. 1862లో అక్కడి నుంచి కాంగ్రెసుకు గెలిచినవాడు డెమొక్రాటిక్ అభ్యర్థి జాన్ టాడ్ స్టువర్ట్. ఒకనాడు లింకన్‌కు న్యాయశాస్త్ర గ్రంథాలు ఇచ్చినవాడు ఆయనే.

1864లో మళ్లీ అధ్యక్ష ఎన్నిక వచ్చింది. యుద్ధంతో ప్రజలు విసిగిపోయారు. తాను ఓడిపోవడం ఖాయమని లింకన్ అనుకున్నాడు. ఆగస్టు 23న ఒక కాగితం మీద కొన్ని వాక్యాలు రాసి మడిచి, లోపల ఏముందో చూపకుండా తన మంత్రులందరిచేత వెనుకవైపు సంతకాలు చేయించాడు. తాను ఓడిపోతే, గెలిచినవాడు పదవి చేపట్టేలోగా అతనితో సహకరించి దేశ సమైక్యతను కాపాడటం తన విధి అని ఆ కాగితంలో ఉంది. యుద్ధం జరుగుతోందని ఎన్నికను వాయిదా వేయలేదు. నవంబరు 8న జరిగిన పోలింగులో దేశం ఆయనను పెద్ద ఆధిక్యంతో తిరిగి ఎన్నుకుంది. ఎలక్టర్ల ఓట్లలో 212 ఆయనకు, 21 ప్రత్యర్థి మెక్‌క్లెలన్‌కు వచ్చాయి. సాంగమన్ కౌంటీలో మాత్రం ఆయన మళ్లీ ఓడిపోయాడు.

1865 ఏప్రిల్ 11న లింకన్ చేసిన ప్రసంగంలో, నల్లజాతివారిలో చదువుకున్నవారికీ, సైనికులుగా పనిచేసినవారికీ ఓటు ఇవ్వడం తనకు ఇష్టమని చెప్పాడు. అదే ఆయన చివరి బహిరంగ ప్రసంగం. ఏప్రిల్ 14 రాత్రి నాటకశాలలో ఒక హంతకుడు ఆయనను కాల్చాడు. మరునాటి ఉదయం ఆయన కన్నుమూశాడు. ఆయన భౌతికకాయాన్ని ప్రత్యేక రైలులో స్ప్రింగ్‌ఫీల్డ్‌కు తెచ్చారు. రాత్రంతా ప్రజలు బారులు తీరి కడసారి చూశారు. ఆ వరుసలలో ఆయనకు ఓటు వేసినవారూ ఉన్నారు, వేయనివారూ ఉన్నారు. మే 4న ఓక్ రిడ్జ్ శ్మశానవాటికలో ఆయనను సమాధి చేశారు.

జాతి కారణంగా ఓటు నిరాకరించరాదనే రాజ్యాంగ సవరణ 1870లో అమలులోకి వచ్చింది. ఫ్లోర్‌విల్ దానిని చూడలేదు, 1868లోనే మరణించాడు. స్త్రీలకు ఓటు హక్కునిచ్చే సవరణ 1920లో వచ్చింది.

అభిమానం వేరు, ఓటు వేరు. ఓటు వేయనంతమాత్రాన ఎవరూ శత్రువులు కారు. లింకన్ ఈ సత్యాన్ని పల్లెలో నేర్చుకుని అధ్యక్ష భవనంలో పాటించాడు. సొంత కౌంటీలో ఓడినప్పుడు ఆయన నొచ్చుకుని ఉండవచ్చు. అయినా ఆ తీర్పును గౌరవించాడు. ఓడిపోతానని తలచినప్పుడు కూడా ప్రజల లెక్కకు తలవంచడానికి ముందే సిద్ధపడ్డాడు. ఆయన కాపాడిన ప్రజాస్వామ్యానికి ఆ గుణమే ఆధారం.